తూర్పు ఎడమ పక్క

చిన్నబ్బ మెడ మీద మచ్చుకత్తి పడినప్పుడు కొలత గొలుసు ఒక కొస చిన్నబ్బ చేతిలో ఉంది, రెండో కొస గంగాధరం చేతిలో ఉంది. మనిషి కూలుతుంటే గొలుసు ముందు బిగుసుకుంది, ఆ తర్వాత వదులైంది. ఆ బిగువూ ఆ వదులూ గంగాధరం అరచేతిని ఎన్నేళ్లయినా విడిచిపెట్టలేదు.

అది 1993వ సంవత్సరం. ఐరాల పక్క పల్లెలో మామిడికాయల కోతలు అయిపోయిన వారం. గంగాధరం చిత్తూరులో ఒక రిటైరైన సర్వేయరు దగ్గర పని నేర్చుకుని, భూములు కొలిచి, పటాలు గీసి బతికేవాడు. మెత్తని మనిషి. ఎవరి చేనులో కొలతకు పోయినా ముందు ఆ నేలను తాకి కళ్లకు అద్దుకున్నాకే గొలుసు పరిచేవాడు. తోట కుప్పయ్యది, చిన్నబ్బది. ఇద్దరూ అన్నదమ్ముల బిడ్డలు. తాతలనాటి పారికత్తులో, అంటే భాగాలు పంచుకున్న కాగితంలో, తోటకు ఒక చిన్న పటం గీసి ఉంది. పడమర సన్నం, తూర్పు వెడల్పు, అచ్చం చేట మాదిరి. మధ్యలో ఏటవాలుగా ఒక గీత. గీతకు ఉత్తరం కుప్పయ్య పాలు, దక్షిణం చిన్నబ్బ పాలు. పటంలో బావి గుర్తు లేదు, బావి తర్వాత తవ్వింది. అందుకే గంగాధరాన్ని పిలిచారు. పాత గీతను ఊరి పటం మీదికి ఎక్కించి, బావి ఎవరి పాలికి వస్తుందో చెప్పమన్నారు.

గంగాధరం చెప్పాడు. బావి చిన్నబ్బది.

"లేదప్పా, మా నాయన సెప్పేవాడు, బావి మా దిక్కే అని," అని కుప్పయ్య మొత్తుకున్నాడు. పెద్దమనుషులు ఎటూ తేల్చలేక, ఆ ప్రాంతంలో అందరూ చేసే పనే చేశారు. కొలిచినవాడు కాణిపాకం వినాయకుడి ముందు ప్రమాణం చేస్తే ఆ మాట ఖాయం అన్నారు. గంగాధరం తలస్నానం చేసి, తడిబట్టలతో నిలబడి, "నేను వేసిన గీత సరైన గీత. ఒకరికి ఎక్కువ, ఒకరికి తక్కువ చెయ్యలేదు," అని ప్రమాణం చేశాడు. మనస్ఫూర్తిగానే చేశాడు. కుప్పయ్య కూడా ఆ పొద్దు దేవుడికి దండం పెట్టి, మారు మాట లేకుండా ఇంటికి పోయాడు.

మూడో నాడు గీత పొడుగునా రాళ్లు నాటుతున్నారు. చిన్నబ్బ గొలుసు కొస పట్టుకుని హుషారుగా ఉన్నాడు.

"గంగాధరమప్పా, ఈ రాయి రొంత అటు జరపరాదా? మా కుప్పన్న ఎట్లాగూ ఏడుస్తానే ఉండాడు. ఇంకో గజానికి ఏడిస్తే ఏమి పోయె?" అని నవ్వాడు.

"అట్లాంటి మాటలు వద్దు నాయనా. దేవుడి ముందర చెప్పింది," అన్నాడు గంగాధరం.

అంతలోనే కుప్పయ్య వచ్చాడు. పరుగెత్తలేదు, అరవలేదు. మామిడికొమ్మలు నరికే మచ్చుకత్తి చేతిలో ఉంది. చెట్ల మధ్య నుంచి మామూలుగా నడుచుకుంటూ వచ్చి, చిన్నబ్బ వెనక నిలబడి, ఒకటే దెబ్బ వేశాడు. రెండో దెబ్బకు అడ్డం పోయిన గంగాధరం ఎడమచేతి చివరి రెండు వేళ్లు తెగి గొలుసు పక్కన పడ్డాయి. మూడో దెబ్బ, నాలుగో దెబ్బ, అయిదో దెబ్బ పడ్డాయి. ఎర్రమట్టిలో ఎర్రది ఇంకిపోతుంటే ఏది మట్టో ఏది నెత్తురో తెలియలేదు. కూలీలు గడ్డపారలు వదిలేసి పారిపోయారు. కుప్పయ్య కత్తిని అప్పుడే నాటిన రాయి మీద పెట్టి, ఆ పక్కనే కూర్చున్నాడు.

గంగాధరం చేతికి తన చీర కొంగు చించి కట్టుకట్టింది కుప్పయ్య భార్య వరదమ్మే. కట్టు కడుతూ మొగుణ్ణి తిడుతోంది, చిన్నబ్బను పేరుపెట్టి పిలుస్తోంది, "కదలబాకప్పా, కదిలితే కారతాది" అని గంగాధరాన్ని కసురుతోంది. ఆ తల్లి అన్నీ ఒక్క నోటితోనే చేసింది.

కుప్పయ్యకు యావజ్జీవం పడింది, కడప జైలుకు పంపారు. గంగాధరం చేసిన ప్రమాణం మాత్రం అట్లాగే నిలిచింది. బావి చిన్నబ్బ తమ్ముడు జయరావు చేతికి వచ్చింది. అతను బావి చుట్టూ ముళ్లకంచె వేసి, మోటారుకు తాళం వేసి, వరదమ్మ పక్కకు ఒక్క బిందె కూడా పోనివ్వలేదు. మొదటి ఎండాకాలానికి వరదమ్మ చెట్లు ఆకు రాల్చాయి. రెండో ఎండాకాలానికి నీలం మామిడి చెట్లు నలభై నిలువునా ఎండిపోయాయి. ఆమె కడవతో తెచ్చి ఒక్కో పాదులో పోసుకుంటుంటే, జయరావు మనుషులు దారిలో కడవ పగలగొట్టేవారు. అడ్డం వచ్చిన ఆమె మరిదికి కాలు విరిచారు.

గంగాధరం ఇంటి మీదికి కుప్పయ్య బంధువులు రెండుసార్లు వచ్చారు. తలుపు గొడ్డలితో నరికారు. అతని పటాలు, గొలుసు, కొయ్యస్కేళ్లు వీధిలో కుప్పవేసి కిరసనాయిలు పోసి తగలబెట్టారు. "దొంగ ప్రమాణం చేసినావురా," అని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టారు. నోట్లో నెత్తురు ఉమ్మేస్తూ కూడా గంగాధరం ఒకే మాట చెప్పాడు: "గీత సరైందే నాయనా. దేవుడి సాక్షి."

అతని భార్య నిర్మలమ్మే చివరికి, "ఈ భూమి కొలతలు మనకొద్దు. ఇంకేమన్నా కొలుచుకుందాం రా," అని తిరుపతికి తీసుకొచ్చింది.

తిరుపతిలో ఒక కాలేజీ ఫిజిక్సు డిపార్టుమెంటులో పటాలు గీసే మనిషి కావాలన్నారు. చెయ్యి చూసి ముందు వెనకాడారు. "గీసేది కుడిచెయ్యే కదా సార్," అని గంగాధరం ఒక వలయం గీసి చూపించాడు. పెన్సిలు ఎత్తకుండా, కాంపాసు లేకుండా గీశాడు. పని దొరికింది. తగలబడగా మిగిలిన ఒకే ఒక పనిముట్టు, పటాన్ని పెద్దదిగానో చిన్నదిగానో చేసి గీసే పాంటోగ్రాఫు, అతనితోనే వచ్చింది.

1997లో అతను లోహిత దగ్గర పనిచేశాడు. లోహిత చిత్తూరు పండ్లమండీ వర్తకుల ఇంటి పిల్ల, ఆ డిపార్టుమెంటులో పరిశోధన చేస్తోంది. డిపార్టుమెంటుకు ఉన్న ఒక్క కంప్యూటరు ముందు ఎప్పుడూ నలుగురు నిలబడి ఉంటారు. అందుకని ఆమె పని చేతిపనిగానే సాగింది.

"ఇవి పద్నాలుగు గాలక్సీలన్నా," అని మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పింది. "ఒక్కోదానికీ రెండు బొమ్మలు. ఇది మామూలు వెలుగులో తీసిన ఫోటో. అంటే మన కంటికి ఆనే వెలుగు. ఇది రేడియోలో తీసింది. కంటికి ఆనదు. పెద్ద పెద్ద గిన్నెల మాదిరి యాంటెనాలు పెట్టి పట్టుకుంటారు. రేడియో ఎక్కడ ఎక్కువ ఉందో ఆడ గీతలు దగ్గర దగ్గరగా ఉంటాయి, మీ మెట్టభూమి పటాల మాదిరే."

"ఆ, మిట్టపల్లాల గీతలు," అన్నాడు గంగాధరం. అది మాత్రం అతనికి అర్థమైంది.

"నువ్వు చెయ్యాల్సింది ఏమంటే, రేడియో పటాన్ని బటర్ పేపరు మీద ఎక్కించి, ఫోటో కొలతకు తెచ్చి, ఫోటో మీద పరచాల. రెండు వెలుగులూ ఒకే దిక్కు సాగి ఉండాయా, అడ్డదిడ్డంగా ఉండాయా, అదే నాకు కావాల్సింది."

"సాగి ఉంటే ఏమమ్మా?"

లోహిత చేతులు రెండు పక్కలకీ చాపింది. "గాలక్సీ నడిమధ్య ఒకటుంటుందన్నా. దగ్గరికి వచ్చినదాన్నల్లా మింగేసేది. మింగుతూ మింగుతూ రెండు దిక్కులకీ కక్కుతుంది. ఆ కక్కేది ఎంత వేగమో నువ్వు ఊహించలేవు. అదే రేడియోలో కనబడేది. కొన్నిట్లో అది గాలక్సీని చీల్చుకుని బయటికొచ్చి ఎంతో దూరం పోతుంది. ఈ పద్నాలుగు మాత్రం పొట్టివి. జోరేమీ తక్కువ కాదు, కానీ గాలక్సీ లోపలే ఉండిపోయినాయి. ఎందుకు? ఇంకా చిన్నవయసా? లేకపోతే చుట్టూ ఉన్న వాయువు బయటికి రానివ్వకుండా అణిచిపెట్టిందా? రెండు వెలుగులూ ఒకే దిక్కున పడితే, ఆ కక్కేది వాయువును గుద్ది మండిస్తోందన్నమాట. అంటే లోపల కొట్లాట జరుగుతోంది."

"ఇంట్లోనే," అన్నాడు గంగాధరం.

"ఆ, ఇంట్లోనే," అంది ఆ పిల్ల నవ్వుతూ. అతను నవ్వలేదు.

ఆరునెలలు గీశాడు. మూడు వేళ్లు మిగిలిన చేతితో కాగితం అణిచిపట్టి, కుడిచేత్తో ఒక్కో వలయం ఎక్కించాడు. మధ్యాహ్నం లోహిత తన టిఫిను మూతలో సగం అన్నం అతనికి పెట్టి, పప్పు వేసి, అడగకుండానే ఊరగాయ పెట్టేది. పద్నాలుగు పటాలు ముగిసేసరికి ఫలితం తేలింది. మూడిట్లోనే వెలుగులు కలిశాయి. మిగిలిన పదకొండిట్లో రేడియో ఒక దిక్కుకు పోతే ఫోటోలోని వెలుగు ఇంకో దిక్కుకు పోయింది. కలిసిన మూడూ నిలువుగా ఉత్తర దక్షిణాలకో, అడ్డంగా తూర్పు పడమరలకో సాగినవి. విదేశాల్లో చేసినవాళ్లు కలుస్తున్నాయని రాస్తున్నారు. లోహితకు నిద్ర కరువైంది. వాళ్లు తప్పని రాస్తే తను నిలబడాలి, నిలబడలేకపోతే పరువు పోతుంది.

మరుసటి ఏడు ఫిబ్రవరిలో ఒక పొద్దున ఆమె తొమ్మిదో పటాన్ని కిటికీ అద్దానికి అంటించి చాలాసేపు చూసింది.

"అన్నా, ఇట్లా రా. ఫోటోలో ఈ గాలక్సీ పక్కన ఇంకో చిన్న గాలక్సీ ఉండాది, సూడు. ఎడమ పక్కన. అది రేడియోలో కూడా మినుకుమంటుంది. కానీ నీ పటంలో కుడిపక్కన ఉండాది. ఎగిరి పోయిందా ఏమన్నా?"

"ఎగరలేదమ్మా. నేను సరిచేసినా."

"ఏం సరిచేసినావు?"

గంగాధరం రొంత సిగ్గుపడ్డాడు. "ఆ రేడియో పటాల్లో దిక్కులు తప్పుగా వేసుండారమ్మా. ఉత్తరం పైనే ఉండాది, తూర్పును మాత్రం ఎడమ పక్క రాసినారు. పద్నాలుగిట్లోనూ అదే తప్పు. అచ్చు తిరగబడిందేమో. నీకు చెప్తే మీ సారు దగ్గర నీకు మాటొస్తుందని, నేనే ట్రేసింగు తిరగేసి తూర్పును కుడికి తెచ్చుకున్నా. ఫోటోలేమో అట్టముక్కలు, తిరగేసేదానికి కుదరదు. వాటిమీద దిక్కులు రాసిలేవు గాబట్టి సరిగ్గానే ఉండాయనుకున్నా."

లోహిత చేతిలోని స్కేలును బల్ల మీద పగిలేలా కొట్టింది. ఇంకోసారి కొట్టింది. "ఆరునెలలన్నా! ఆరునెలలు!" అని అరిచింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. తర్వాత ఆ నీళ్లతోనే నవ్వు వచ్చింది.

"ఆడ పండుకో," అంది.

"యాడమ్మా?"

"నేల మీద. వెల్లకిలా. తల ఉత్తరం దిక్కు పెట్టి పండుకో. ఇప్పుడు పైకి చూడు. తూర్పు కిటికీ ఏ చేతి పక్కన ఉండాది?"

యాభై ఏళ్ల మనిషి చెప్పులు విడిచి, పంచె సర్దుకుని, డిపార్టుమెంటు గచ్చు మీద వెల్లకిలా పడుకున్నాడు. ఎండ ఎడమ చెంప మీద పడుతోంది.

"ఎడమ," అన్నాడు.

"నేలను మనం పైనుంచి చూస్తామన్నా. ఆకాశాన్ని కిందనుంచి చూస్తాం. అందుకే ఆకాశం పటంలో తూర్పు ఎడమ పక్కన ఉంటుంది. వాళ్లది తప్పు కాదు."

ఆమె అప్పటికే ట్రేసింగులు ఒక్కొక్కటే తిరగేసి ఫోటోల మీద పరుస్తోంది. మొదటిది కలిసింది. రెండోది కలిసింది. రేడియో వలయాల రెండు గుబ్బలూ పోయి వాయువు మండుతున్న రెండు కొసల మీదే కూర్చున్నాయి. "కొడుతుండాదన్నా! గుద్దుతుండాది! పాత మూడూ కలుపుకుని పద్నాలుగిట్లో పదకొండు!" అని ఆ పిల్ల చప్పట్లు కొడుతోంది. బటర్ పేపరును ఎటు నుంచి చూసినా గీతలు అంతే స్పష్టంగా కనబడతాయి. దానికి ముందు వెనకా లేవు. మనిషే గుర్తుపెట్టుకోవాలి.

గంగాధరం నేలమీంచి లేవలేదు.

అతని కళ్ల ముందు వాన పడుతోంది. ఐరాల పక్క తోటలో, టార్పాలిను కింద, పారికత్తు పటాన్ని బటర్ పేపరు మీద ఎక్కించిన రోజది. కుప్పయ్యా చిన్నబ్బా తల పక్కనే అరుచుకుంటున్నారు. గీతను ఊరి పటం మీదికి దించడానికి కాగితం తిరగేసి, వెనకపక్క పెన్సిలు పొడి రుద్దాడు. మళ్లీ తిప్పి వెయ్యాలి. ఆ సమయానికి చిన్నబ్బ కుప్పయ్య చొక్కా పట్టుకున్నాడు, ఇద్దరూ బల్ల మీద పడ్డారు, అతను కాగితం తడవకుండా ఎత్తిపట్టుకున్నాడు. తర్వాత పరిచాడు. తోట చేట మాదిరి ఉంటుంది, పైనుంచి కిందికి తిప్పినా చుట్టుగీత అట్లాగే కూర్చుంటుంది. నడిమి ఏటవాలు గీత ఒక్కటే ఇటువాలు అటువాలు అవుతుంది. బావికి దక్షిణంగా పోవాల్సిన గీత బావికి ఉత్తరంగా పోతుంది.

తిప్పాడా? తిప్పలేదా?

తిప్పినట్టు అతనికి గుర్తు లేదు. నాలుగేళ్లుగా నెత్తురు కక్కుతూ కూడా చెప్పిన ఆ మాటకు, అడుగున గుర్తే లేదు.

"అన్నా, ఏమైంది? లే," అని లోహిత అతని భుజం పట్టుకుంది. మూడురోజులు సెలవు కావాలంటే, సారుతో తను చెప్పుకుంటానంది. సంచిలో తన పెరుగన్నం డబ్బా పెట్టి, "దావలో తిను," అని గేటు దాకా వచ్చింది.

మర్నాడు పొద్దున పాకాల మీదుగా చిత్తూరు బస్సు, అక్కణ్ణుంచి ఐరాల బస్సు ఎక్కాడు. చిత్తూరు పండ్లమండీలో తెలిసిన హమాలీ ఒకతను ఎందుకని అడగకుండా గడ్డపార ఇచ్చాడు. గంగాధరం తోటలోకి వెనకవైపు కలబంద కంచె సందులోంచి దూరాడు. పారికత్తులో గీత తూర్పు హద్దును తాకే చోట 'పాత గుండు', అంటే పాత హద్దురాయి, అని రాసి ఉందని అతనికి తెలుసు. ఆ పొద్దు తన గీత తాకిన చోట వెతికితే గుండు దొరకలేదు, ఎవరో పీకేసి ఉంటారనుకుని వదిలేశారు. ఇప్పుడు గీతను రెండో వాలుకు తిప్పుకుని, తాడుతో ఒంటరిగా కొలుచుకుంటూ వచ్చాడు. కొలత ఒక పుట్ట దగ్గర ఆగింది. పుట్టకు దండం పెట్టి, పక్కనుంచి తవ్వాడు. మోకాటి లోతున గడ్డపార ఠంగుమంది. చేత్తో మట్టి తీశాడు. నల్లరాయి. పైన ఉలితో చెక్కిన అడ్డగీత.

గుండు అక్కడే ఉంది. బావి కుప్పయ్యది.

గంగాధరం ఆ గుంతలోనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు. వెనక మోటారుసైకిలు ఆగిన శబ్దం విన్నాడు గానీ తల తిప్పలేదు.

"ఎవుర్రా అది? ఏం తవ్వుతాండావు?" జయరావు, అతని వెంట ఇద్దరు. దగ్గరికొచ్చి గుర్తుపట్టి, "ఓహో, మా కొలతల సామి! ఏందప్పా, నీ దేవుడు నిన్ను నిద్రపోనియ్యలేదా?" అని నవ్వాడు.

"జయరావూ, నేను తప్పు చేసినా నాయనా. కాగితం తిరగబడింది. బావి మీది కాదు. ఇదిగో గుండు."

నవ్వు ఆగిపోయింది. జయరావు గుంతలోకి చూశాడు. రాయిని చూశాడు.

"మా అన్న సచ్చింది ఎవరి జాగాలోరా అయితే?" అన్నాడు, మెల్లగా.

గంగాధరం కళ్లు రాయి మీదికి దించాడు.

"చెప్పరా! కుప్పయ్య జాగాలో రాయి నాటుతా సచ్చినాడా మా అన్న? దొంగ మాదిరి సచ్చినాడా?"

గడ్డపార అతని చేతిలోకి ఎప్పుడు వచ్చిందో గంగాధరం చూడలేదు. మొదటి దెబ్బకు కుడి భుజం ఎముక విరిగిన శబ్దం అతని చెవికే వినబడింది, ఎండిన కొమ్మ విరిగినట్టు. రెండోది పక్కటెముకల మీద పడింది. గుంతలో పడ్డవాణ్ణి ముగ్గురూ కాళ్లతో తన్నారు. ముఖాన్ని ఆ రాయికేసి నొక్కి, "చెప్పు, గీత సరైందే అని చెప్పు! మళ్లీ ప్రమాణం చెయ్!" అన్నారు. పళ్లు రెండు ఊడి మట్టిలో పడ్డాయి. కంటి మీద చర్మం చీలి నెత్తురు ధారగా కారింది. "బావి వాళ్లదే," అన్నాడు గంగాధరం. మళ్లీ తన్నారు. "వాళ్లదే." మళ్లీ తన్నారు. ఆ మాట నోట్లో నెత్తురుతో కలిసి గురగురమంటోంది తప్ప బయటికి రావడం లేదు.

వరదమ్మ ఎప్పుడు వచ్చిందో ఎవరూ చూడలేదు. ఎండిపోయిన చెట్ల మధ్య నుంచి వచ్చి నిలబడింది. గుంతలో రాయిని చూసింది. కిందపడ్డ మనిషిని చూసింది. జయరావు గడ్డపారను తలకు గురిపెట్టి ఎత్తేదాకా నోరు తెరవలేదు.

"సాలు జయరావూ," అంది. "వాడు సస్తే ఆ మాట చెప్పేవాడు ఉండడు."

జయరావు ఆమె వైపు తిరిగాడు. "నీ మొగుడు నరికినాడు!"

"నరికినాడు. జైల్లో ఉండాడు. నువ్వు గూడా పోతావా? పో. ముందు వీణ్ణి కాణిపాకం పోనీ."

గడ్డపార ఎత్తిన చేతులు అలాగే పైన ఆగాయి. జయరావు గడ్డపారను పుట్టకేసి విసిరికొట్టి, మోటారుసైకిలు కూడా మరిచిపోయి, నడుచుకుంటూ వెళ్లిపోయాడు. మిగిలిన ఇద్దరూ అతని వెనకే పోయారు.

ఊళ్లో ఒకతను ట్రాక్టరు తెచ్చాడు. ఎవరో గోనెసంచులు పరిచారు, ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి గంగాధరం నోరు కడిగారు. "చిత్తూరు పెద్దాసుపత్రికి," అన్నారు. వరదమ్మ ట్రాక్టరు ముందర అడ్డంగా నిలబడింది.

"ముందు కాణిపాకం. తర్వాతే ఆసుపత్రి."

"ఏందమ్మా, మనిషి సచ్చేటట్టుండాడు!"

"నా చెట్లు సచ్చినాయి. నా మరిది కాలు పోయింది. ఇంకో గంట బతకమను."

గంగాధరం ట్రాక్టరులోంచి తల ఊపాడు. అతనికీ అదే కావాలి.

అట్లా పోయారు. దారిపొడుగునా ప్రతి గుంతలోనూ విరిగిన ఎముకలు ఒకదానికొకటి గీరుకున్నాయి. వెనక నుంచి ఊరి పెద్దలు సైకిళ్ల మీద, జీపులో వచ్చారు. చివరికి జయరావు కూడా వచ్చాడు, ఎవరూ పిలవకుండానే. గంగాధరం స్నానం చెయ్యలేడు కాబట్టి ఇద్దరు పట్టుకుని నిలబెడితే, ఒకామె బిందెతో నెత్తిమీద నీళ్లు పోసింది. నెత్తురు కరిగి తెల్లపంచె గులాబిరంగుకు తిరిగింది. దేవుడికి ఎదురుగా, బయటి మెట్ల దగ్గరే అతన్ని ఆనించి నిలబెట్టారు. గంగాధరం దేవుణ్ణి చూశాడు. నాలుగేళ్ల కింద ఇక్కడే, ఇదే నోటితో చెప్పాడు. ఆ పొద్దు కన్ను పోలేదు, కాలు పోలేదు. స్వామి తనను ఏమీ అనకుండా ఇన్నాళ్లు ఆగాడు. ఆ ఓపిక తలుచుకుంటే దెబ్బల కన్నా ఎక్కువ నొప్పి పుట్టింది.

"నేను చేసిన ప్రమాణం తప్పు," అన్నాడు. పళ్లు లేని చోటునుంచి మాట ఊదినట్టు వచ్చింది. "కాగితం తిరగబడింది. చూసుకోలేదు. చూసుకున్నా అని ప్రమాణం చేసినా. బావి కుప్పయ్య పాలు. గుండు దొరికింది. పోయి చూసుకోండి."

జయరావు మెట్ల కింద గొంతుక్కూర్చుని, రెండు చేతులతో తల పట్టుకుని, "మా అన్నా, మా అన్నా," అంటూ నుదుటిని రాతికేసి కొట్టుకున్నాడు. అతన్ని ఆపడానికి ముగ్గురు పట్టవలసి వచ్చింది. ఇందాక ఆ చేతులతోనే దెబ్బలు తిన్న గంగాధరం, నిలబెట్టినవాళ్లను విడిపించుకుని అతని దగ్గరికి పోబోయి, అక్కడే స్పృహ తప్పి పడిపోయాడు.

చిత్తూరు ఆసుపత్రిలో దాదాపు నాలుగు వారాలు ఉన్నాడు. పోలీసులొచ్చి ఎవరు కొట్టారని అడిగితే, గుంతలో పడ్డానని చెప్పాడు. వాళ్లు నమ్మలేదు, రాసుకుని పోయారు. లోహిత వచ్చి, పద్నాలుగు పటాలూ మళ్లీ తానే పరిచి చూసుకున్నానని, సారు ఒప్పుకున్నాడని, పని బాగా వచ్చిందని చెప్పి, మంచం పక్కన కూర్చుని ఏడ్చి పోయింది.

ఆరో రోజు వరదమ్మ వచ్చింది. తాళం పగలగొట్టి మోటారు వేసుకున్నామంది. మిగిలిన చెట్లకు నీళ్లు పారుతున్నాయంది. ఆ రెండు మాటలూ చెప్పి, మంచం పక్కనే నిలబడింది.

గంగాధరం చేతులు జోడించలేకపోయాడు. కుడిచెయ్యి పలకకు కట్టి ఉంది. "అమ్మా, ఆ పొద్దు నేను కాగితం చూసుకుని ఉంటే చిన్నబ్బ బతికుండేవాడు. నీ మొగుడు ఇంట్లో ఉండేవాడు. రెండిండ్లనూ నేనే కూల్చినా. నన్ను ఏమన్నా అను," అన్నాడు.

వరదమ్మ అతన్ని కొట్టింది. అరచేత్తో, చీలిన కంటికి అవతలి చెంప మీద, చూసుకుని కొట్టింది. పక్క మంచాలవాళ్లు లేచి కూర్చున్నారు.

"ఇది నా చెట్లకు," అంది. "ఇంగ విను. కత్తి ఎత్తింది నా మొగుడు. ఎత్తమని నువ్వు చెప్పలా. కాగితం చెప్పలా. ఆయప్ప పాలు ఆయప్ప జైల్లో మోస్తాండాడు. అదిగూడా నువ్వే నెత్తిన పెట్టుకోని గొప్ప కావాలని సూడబాక. నీ పాలు నువ్వు మొయ్యి. దాంట్లో నేను ఒక్క గజం గూడా తగ్గియ్యను."

"సరేనమ్మా," అన్నాడు గంగాధరం.

"చిన్నబ్బ పెండ్లాం ఉండాది. ఆయమ్మకు ఎవురూ చెప్పలేదు, గుండు సంగతి. ఊరంతా నోరు మూసుకోనుండారు. జయరావు ఆ ఇంటి ఛాయలకే పోవడం లేదు. నువ్వు లేచి నడవగలిగినాక పోయి చెప్పు. నీ నోటితోనే చెప్పు."

"ఆయమ్మ నన్ను సంపుతుందమ్మా."

"సంపితే సంపనీ," అంది వరదమ్మ. కొంగులోంచి రెండు అరటిపండ్లు తీసి, ఒకటి తొక్క వలిచి, పళ్లు ఊడిన నోటితో నమలలేడని చేత్తోనే నలిపి అతని నోటికి అందించింది. "ముందు తిను. ఆడికి పోయేదానికి కాళ్లల్లో బలముండాల."

మూడువారాల తర్వాత ఆసుపత్రి నుంచి పంపించాక, గంగాధరం తిరుపతి బస్సు ఎక్కకుండా, చిన్నబ్బ ఇంటికి పోవడానికి ఐరాల బస్సు ఎక్కాడు.